కొండమీద చిక్కుకుపోయిన బిళ్ల



అమెరికాలో సియాటిల్ నగరానికి తూర్పున కాస్కేడ్ కొండలున్నాయి. సీడర్, ఫర్ చెట్లు కమ్ముకున్న కొండలు. ఎండాకాలం శనివారాల్లో తెల్లవారకముందే అక్కడి కాలిబాటల మొదట్లో కార్లు బారులు తీరతాయి. ఆ కార్లు దిగేవాళ్లలో తెలుగువాళ్లు తప్పకుండా ఉంటారు. బెల్‌వ్యూ, రెడ్మండ్, ఇసాక్వా, సమామిష్ ఊళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే కుటుంబాలు. చాలామంది శిఖరం చేరి, ఫొటోలు దిగి, పొట్లం విప్పి పులిహోర తిని దిగి వచ్చేస్తారు. తాము నడిచిన బాటకు నాలుగడుగుల దూరంలో, కూలిన చెట్టు వేళ్ల సందునో, బండ వెనకో ఒక పెట్టె ఉండొచ్చన్న సంగతి వాళ్లలో కొద్దిమందికే తెలుసు. అలాంటి పెట్టెల్లో ఒక్కోసారి వేలెడంత లోహపు బిళ్ల ఒకటి పడి ఉంటుంది. దాన్ని అక్కడ పెట్టినవారు వెళ్లిపోయి నెలలై ఉండొచ్చు, ఏళ్లై ఉండొచ్చు. ఎవరైనా వచ్చి తీసి కిందికి తెస్తే తప్ప అది కదలదు.

ఈ ప్రసంగం ఆ బిళ్ల గురించీ, దాన్ని తేవడానికి కొండెక్కేవాళ్ల గురించీ.

ఆట పేరు జియోక్యాచింగ్. ఒకరు ఒక డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెడతారు. ఇంకొకరు జీపీఎస్ పట్టుకుని వెళ్లి వెతుకుతారు. దొరికితే లోపలి పుస్తకంలో పేరు, తేదీ రాసి, డబ్బాను ఉన్నచోటే ఉన్నట్టుగా పెట్టి వస్తారు. లోపల చిన్న చిన్న వస్తువులుంటే ఒకటి తీసుకోవచ్చు, దానికి సమానమైనది ఇంకొకటి పెట్టాలి. నియమాలు ఇంతే. ఇప్పుడు 190కి పైగా దేశాల్లో 30 లక్షలకు మించి ఇలాంటి డబ్బాలున్నాయి. అంటార్కిటికాలో కూడా ఉన్నాయి.

దీని పుట్టుకకు తేదీ కచ్చితంగా చెప్పుకోవచ్చు. జీపీఎస్ ఉపగ్రహాలు అమెరికా సైన్యానివి. మామూలు జనానికి అందే సంకేతంలో అక్కడి ప్రభుత్వం కావాలనే కొంత తప్పు కలిపేది. దాంతో పరికరం చూపే చోటుకూ అసలు చోటుకూ 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే 1న అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆ పద్ధతి ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. ఆ అర్ధరాత్రి నుంచి అదే పరికరం 10, 20 మీటర్ల లోపే గురి చూపడం మొదలుపెట్టింది. రెండు రోజులు తిరక్కుండా, మే 3న, ఆరెగన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ ఊరి దగ్గర డేవ్ అల్మర్ అనే కంప్యూటర్ ఇంజినీరు ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్‌ను అడవి అంచున సగం భూమిలో దించి, ఆ చోటు వివరాలు ఇంటర్నెట్‌లో పెట్టారు. అందులో పుస్తకాలు, వీడియోలు, ఒక ఉండేలు, ఒక చిక్కుడుగింజల డబ్బా, సంతకాలకు ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఉన్నాయి. మూడు రోజుల్లోనే ఇద్దరు వెతికి పట్టుకున్నారు. వాళ్లలో మొదటివారు మైక్ టీగ్. అదే ఏడాది సెప్టెంబరు 2న జెరెమీ ఐరిష్ వీటికోసం వెబ్‌సైటు తెరిచేనాటికి ప్రపంచం మొత్తం మీద ఉన్నవి 75 డబ్బాలు.

అల్మర్ బకెట్ ఎక్కువకాలం నిలవలేదు. గడ్డి కోసే యంత్రం కింద పడి నుగ్గయింది. మిగిలింది ఒక్క చిక్కుడుగింజల డబ్బా. తర్వాత దాన్ని వెతికి తీసి, ఒక సంఖ్య కేటాయించి, ఊరూరా తిరిగే వస్తువుగా మార్చారు. ఇప్పుడది ఆటగాళ్లు కలుసుకునే సభలకు వెళ్తుంది. జనం దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. తుప్పు పట్టిన డబ్బాకు ఇంత గౌరవమా అని బయటివారికి అనిపించవచ్చు. కానీ ఈ ఆటకు ప్రాణం వస్తువు విలువలో లేదు, అది ఎన్ని చేతులు మారి వచ్చిందన్న దానిలో ఉంది.

నిజానికి ఇంతకన్నా పాత ముచ్చట ఇంగ్లండులో ఉంది. డార్ట్‌మూర్ అనే చిత్తడి నేలల పీఠభూమిలో క్రాన్‌మియర్ పూల్ అని ఒక చోటు. మంచి బాటంటూ లేదు. బురద, గాలి, పొగమంచు. 1854లో చాగ్‌ఫర్డ్ ఊరికి చెందిన జేమ్స్ పెరట్ అనే గైడు అక్కడ ఒక సీసా పెట్టాడు. అంతదూరం నడిచి వచ్చినవారు తమ పేరున్న చీటీ అందులో వేసేవారు. పోనుపోను జనం అక్కడ ఉత్తరాలూ, పోస్టుకార్డులూ వదలసాగారు. తర్వాత వచ్చిన మనిషి వాటిని తీసుకుని, కొండ దిగి, తపాలా డబ్బాలో వేసేవాడు. రాసినవారెవరో అతనికి తెలియదు. అందుకునేవారెవరో అంతకన్నా తెలియదు. అయినా ఆ కార్డు చేరేది. జీపీఎస్ లేని రోజుల్లో, ఒక బురద నేల మధ్య, కేవలం నమ్మకం మీద నడిచిన తపాలా అది. ఇవాళ కాస్కేడ్ కొండల్లో బిళ్ల దించి తెచ్చే మనిషి చేసేదీ అదే పని.

ఆ బిళ్ల సంగతికి వద్దాం. దాన్ని ట్రావెల్ బగ్ అంటారు. సైనికులు మెడలో వేసుకునే గుర్తింపు బిళ్ల ఆకారంలో అల్యూమినియంతో చేస్తారు. మీద ఒక పురుగు బొమ్మ, దాని పక్కన అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక సంకేతం ఉంటాయి. ఆ సంకేతం ఒక్కో ట్రావెల్ బగ్‌కు ఒక్కోటి. యజమాని దాన్ని ఒక బొమ్మకో, తాళంచెవికో గొలుసుతో తగిలించి, వెబ్‌సైటులో దానికో గమ్యం రాసి వదులుతాడు. సముద్రం చూడాలని ఒకరు, ఏడు ఖండాలూ తిరగాలని మరొకరు, చదువుకు వెళ్లిన కూతురి ఊరు చేరాలని ఇంకొకరు కోరుకుంటారు. పెట్టెలో నుంచి తీసినవారు ఆ సంకేతం వెబ్‌సైటులో నమోదు చేసి, వేరే పెట్టెలో వేస్తారు. ఆ రెండు చోట్ల మధ్య దూరం దాని ఖాతాలో చేరుతుంది. యజమాని ఇంట్లో కూర్చుని పటం మీద ఆ గీత సాగడం చూసుకుంటాడు.

ఇలాంటి ప్రయాణాలు ఎంతదూరం పోయాయంటే, 2008లో రిచర్డ్ గారియట్ అనే యాత్రికుడు ఒకదాన్ని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్లాడు. 2021 ఫిబ్రవరిలో అంగారకుడి మీద దిగిన పర్సెవరెన్స్ రోవర్‌లో, వ్యోమగామి శిరస్త్రాణపు ముందుభాగంలో వాడే పాలికార్బోనేట్ ముక్క ఒకటి పరీక్ష కోసం అమర్చారు. దాని మీద కూడా అలాంటి సంకేతమే చెక్కి ఉంది.

అంగారకుడి దాకా వెళ్లిన ఆటలో, భూమ్మీది కొండల దగ్గర మాత్రం బిళ్లలు ఆగిపోతుంటాయి. కారణం తేలికగానే తెలుస్తుంది. ఊళ్లోని పార్కులో ఉన్న పెట్టె వారానికోసారైనా తెరుచుకుంటుంది. కొండమీది పెట్టె ఏడాదికి రెండుమూడుసార్లు తెరుచుకుంటే గొప్ప. శిఖరం చేరిన సంతోషంలో ఎవరో ఒకరు తమ దగ్గరున్న బిళ్లను అందులో వేసి వెళ్తారు. ఎత్తైన చోటుకు చేర్చామన్న తృప్తి వాళ్లది. తర్వాత మంచు పడుతుంది. కాస్కేడ్‌లలో ఎత్తైన బాటల మీద జూన్ చివరి దాకా, కొన్నిచోట్ల జూలై దాకా మంచు కరగదు. మళ్లీ అక్టోబరు నాటికి కురవడం మొదలు. మధ్యలో మిగిలే మూడు నెలల్లో ఎవరైనా వెళ్తే వెళ్లినట్టు, లేకపోతే ఇంకో ఏడాది. అందుకే బిళ్లను పైకి చేర్చినవారి కన్నా దాన్ని కిందికి దించినవారికే ఈ ఆటలో ఎక్కువ పుణ్యం దక్కాలి.

అలాంటి నడక ఎంత కష్టమో చెప్పడానికి సియాటిల్ తెలుగువాళ్లకు బాగా తెలిసిన మెయిల్‌బాక్స్ పీక్ ఉంది. నార్త్ బెండ్ ఊరి దగ్గర కొండ. శిఖరం మీద నిజంగానే ఒక తపాలా పెట్టె ఉంటుంది. ఎక్కినవారు అందులో చీటీలు, చిన్న చిన్న వస్తువులు వదులుతారు. పాత బాటలో అయితే దాదాపు 4 కిలోమీటర్ల దూరంలోనే 4,000 అడుగులు, అంటే 1,200 మీటర్లకు పైగా ఎక్కాలి. అలిపిరి నుంచి తిరుమలకు మెట్లదారి 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. మెయిల్‌బాక్స్ పాత బాట అందులో సగం కూడా లేదు, కానీ ఎక్కే ఎత్తు తిరుమల నడకను బాగా మించిపోతుంది. మెట్లుండవు, పందిళ్లుండవు, మజ్జిగ ఇచ్చేవాళ్లుండరు. చెట్ల వేళ్లు, జారే మట్టి, చివర్లో విరిగిన రాళ్ల గుట్ట. దారితప్పి, కాళ్లు మెలికపడి సహాయం కోసం ఫోన్లు చేసేవాళ్లు ఎక్కువ కావడంతో 2014లో వాలు తగ్గించి వేరే బాట వేశారు. అది ఒకవైపే ఏడున్నర కిలోమీటర్లు.

ఇంత ఎక్కి పెట్టె ఉన్న చోటికి వచ్చాక అసలు పని మొదలవుతుంది. ఈ ఆటలో చోటును డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యో వంతు వరకు రాస్తారు. అక్షాంశంలో ఒక నిమిషం 1,852 మీటర్లు. వెయ్యో వంతు అంటే రెండు మీటర్లకు కొంచెం తక్కువ. కాగితం మీద గురి అంత సన్నం. అడవిలో మాత్రం అంత ఉండదు. ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితేనే చోటు తేలుతుంది. తడి ఆకులు ఆ సంకేతాన్ని బలహీనపరుస్తాయి. రాతి గోడకు తగిలి వచ్చిన సంకేతం దూరం లెక్కనే మార్చేస్తుంది. దాంతో పరికరంలో బాణం ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతుంది. కొత్తవాళ్లు ఆ బాణం వెంట గుండ్రంగా తిరిగి అలిసిపోతారు. చెయ్యి తిరిగినవాళ్లు పది మీటర్ల లోపుకు రాగానే పరికరం జేబులో పెట్టేస్తారు. ఒకచోట నిలబడి, తామే దాచాల్సి వస్తే ఎక్కడ దాచేవారో ఆలోచిస్తారు. ఒకే పొడవున విరిచి పేర్చినట్టున్న కొమ్మలు, నాచు లేని రాయి పక్కన నాచున్న రాయి తలకిందులుగా ఉండటం, మొద్దు తొర్రకు అడ్డంగా పెట్టిన బెరడు ముక్క. ప్రకృతి అంత నీటుగా సర్దదు.

కొండల మీద ఎక్కువగా వాడేది అమెరికా సైన్యం పారేసిన తూటాల పెట్టె. ముదురాకుపచ్చ రంగు ఇనుము. పక్కన ఒక గొళ్లెం. బొటనవేలితో గట్టిగా పైకి లాగితే టక్కుమని ఊడుతుంది. మూత చుట్టూ లోపల రబ్బరు పట్టీ ఉంటుంది. అది చెక్కుచెదరకపోతే పదేళ్ల వానకు కూడా లోపలి కాగితం తడవదు. అదే పట్టీ మధ్య ఒక్క గడ్డిపోచ ఇరుక్కుంటే చాలు, మరుసటి ఏడాదికి పుస్తకం ముద్దయిపోతుంది. అందుకే మూత వేసే ముందు పట్టీ మీద వేలు తిప్పి తుడవడం మంచి అలవాటు. పుస్తకం జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో ఉంటుంది. పక్కన పెన్నుకు బదులు పెన్సిలు. చలికి సిరా గడ్డకడుతుంది, పెన్సిలుకు ఆ బాధ లేదు. తినే వస్తువేదీ ఉండకూడదు. చాక్లెట్ వాసనకు ఎలుక వస్తుంది, ఎలుగుబంటి కూడా వస్తుంది.

అడుగున బిళ్ల కనిపిస్తే తీసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. దీన్ని రెండు వారాల్లో ఇంకో పెట్టెకు చేర్చగలమా? చేర్చగలిగితేనే తీయాలి. బల్ల సొరుగులో పడి ఉండే బిళ్ల కన్నా కొండమీద ఉన్న బిళ్లే మేలు, ఎప్పటికైనా ఎవరి కంటైనా పడుతుంది. తీసుకోలేకపోతే సంకేతం రాసుకుని, చూశామని నమోదు చేసినా యజమానికి పెద్ద ఊరట. పోయిందనుకున్నది ఉందని తెలుస్తుంది. బిళ్ల ఫొటో పెట్టేటప్పుడు సంకేతం కనపడకుండా వేలు అడ్డం పెట్టాలి. లేదంటే దాన్ని చూడనివాళ్లు కూడా చూశామని రాసేస్తారు.

పోయింది దొరికిన కథలు ఈ ఆటలో చాలానే ఉన్నాయి. వాటిలో పెద్దది ఇదే కాస్కేడ్‌లలో జరిగింది. 2001లో ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ సినిమా ప్రచారానికి ప్రపంచంలో కొన్నిచోట్ల ప్రత్యేకమైన పెట్టెలు దాచారు. వాటిలో ఒకటి స్నోక్వాల్మీ కనుమ దగ్గర. ఆ చోటుకు వెళ్లే ప్రసిద్ధమైన దారి పాత రైలు సొరంగం గుండా ఉంటుంది. మిల్వాకీ రోడ్ రైల్వే తవ్వించిన సొరంగం అది. పొడవు 3.7 కిలోమీటర్లు. రైళ్లు 1980లో ఆగిపోయాక నడకకూ, సైకిళ్లకూ వదిలారు. ఆగస్టులో కూడా లోపల చలి ఎముకలు కొరుకుతుంది. పైనుంచి నీళ్లు కారతాయి. నడిమధ్యలో టార్చి ఆర్పితే తన చెయ్యి తనకు కనపడదు. శీతకాలంలో మంచు గడ్డలు వేలాడతాయి కనుక మూసేస్తారు. ఆ పెట్టె 2011లో మాయమైంది. ఆటగాళ్లు దుఃఖపడ్డారంటే అతిశయోక్తి కాదు. ఆ తర్వాత కొన్నేళ్లకు దొరికింది. 2017లో మళ్లీ ఆటలోకి తెచ్చారు.

ఇక జాగ్రత్తల మాట. ఇక్కడ మొహమాటం లేకుండా చెప్పాలి. బాట మీద నడిచే మనిషి కన్నా బాట వదిలి పెట్టె వెతికే మనిషికి ప్రమాదం ఎక్కువ. కళ్లు తెర మీద ఉంటాయి, కాలు అంచు మీద పడుతుంది. ఇంకో ఇరవై అడుగులే కదా అన్న ఆశ మనిషిని వెళ్లకూడని చోటికి లాక్కెళ్తుంది. ప్రతి పెట్టెకూ రెండు అంకెలుంటాయి. వెతకడం ఎంత కష్టమో ఒకటి, నేల ఎంత కష్టమో రెండోది, ఒకటి నుంచి ఐదు వరకు. నేల అంకె ఎక్కువగా ఉంటే చిన్నపిల్లలతో వెళ్లే చోటు కాదని అర్థం. సియాటిల్‌లో 1906లో మొదలైన మౌంటెనీర్స్ అనే క్లబ్బు 1930లలోనే కొండకు వెళ్లేవారి దగ్గర ఉండాల్సిన పది వస్తువుల జాబితా తయారుచేసింది. పటం, దిక్సూచి, టార్చి, అదనపు బట్టలు, అదనపు తిండి, ప్రథమ చికిత్స సరంజామా, కత్తి, అగ్గిపెట్టె అందులోవే. తొంభై ఏళ్లయినా ఆ జాబితా పాతబడలేదు. ఫోను ఉందిగా అనుకుంటే, కొండ మలుపు తిరగగానే సిగ్నల్ పోతుంది. చలికి బ్యాటరీ చూస్తుండగానే దిగిపోతుంది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో రాసిపెట్టి వెళ్లడం వీటన్నిటికన్నా ముఖ్యం. మబ్బు దిగితే వెనక్కి తిరగాలి. దొరకలేదని నిజాయితీగా రాయడం కూడా ఈ ఆటలో గౌరవమే. ఆ మాట చదివి పెట్టె యజమాని అది ఉందో లేదో వచ్చి చూసుకుంటాడు.

ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరాలు అమెరికా కొండల్లో చాలామంది వాడతారు. మంచివే. కానీ సెలవులకు ఇండియా వచ్చేటప్పుడు వాటిని సంచిలో మరిచి తేవద్దు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లు, అలాంటి సందేశ పరికరాలు ఉంచుకోవడం నేరం. విమానాశ్రయాల్లో అరెస్టయిన విదేశీయులున్నారు.

ఈ ఆట అందరికీ అన్నిచోట్లా నచ్చదు, నచ్చాల్సిన పనీ లేదు. ఒకే చోటికి పదిమంది పది వైపుల నుంచి తొక్కుకుంటూ వస్తే నాచు చచ్చి కొత్త బాట పడుతుంది. అమెరికా జాతీయ పార్కుల్లో అందుకే అనుమతి లేకుండా ఇలా పెట్టెలు వదలనివ్వరు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. దానికి విరుగుడుగా 2004 నుంచి పెట్టె లేని పద్ధతి ఒకటి వచ్చింది. ఆ చోటికి వెళ్లి అక్కడి రాతిపొరల్నో, హిమానీనదం గీసిన గీతల్నో గమనించి ప్రశ్నలకు జవాబులు పంపాలి. 2002 నుంచి చెత్త ఏరుకొచ్చే అలవాటూ ఆటలో భాగమైంది. ఊళ్లలో ఇంకో చిక్కుంది. 2011లో ఇంగ్లండులోని వెదర్‌బీ పట్టణంలో ఎవరో దాచిన డబ్బాను బాంబనుకుని వీధి ఖాళీ చేయించారు. మన నగరాల్లో అలాంటి డబ్బా దాచాలనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నల్లమలలాంటి పులుల అడవుల్లోకి అనుమతి లేకుండా అడుగుపెట్టడమే తప్పు, పెట్టె దాచడం సంగతి చెప్పనక్కర్లేదు.

మన వైపు నుంచి ఈ విద్యకు ఒక బంధం ఉంది. దిక్కు చూపే మన సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్‌లో మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచే ఎగిరింది.

సియాటిల్‌లోనో, డెన్వర్‌లోనో ఉండి, వారాంతాల్లో కొండలెక్కే తెలుగు శ్రోతలకు ఒక విన్నపం. ఈసారి బయల్దేరే ముందు ఆ బాటలో ఏ పెట్టె ఉందో, అందులో ఏ బిళ్ల చిక్కుకుని ఉందో వెబ్‌సైటులో చూడండి. దాని చివరి నమోదు తేదీ చూడండి. రెండేళ్లు దాటి ఉంటే అది అక్కడ ఉండొచ్చు, లేకపోనూవచ్చు. ఎక్కాల్సిన కొండ ఎలాగూ ఎక్కుతున్నారు, పిల్లలతో కలిసి ఓ పావుగంట వెతకండి. దొరికితే కింద సిగ్నల్ అందగానే, కనీసం ఆ రాత్రి పడుకునే ముందే నమోదు చేయండి. దాన్ని వదిలిన మనిషికి వెంటనే ఈమెయిల్ వెళ్తుంది.